పసిచేయి పట్టిచ్చిన తప్పు

పసిపిల్లలున్న ఇంట్లో అగ్గిపెట్టె ఎక్కడ పెడతాం? పై అరలో! "ముట్టుకోకు నాన్నా" అని వందసార్లు చెప్పడం కన్నా చేతికి అందకుండా దాచడమే మేలని ఏ తల్లికీ ఎవరూ నేర్పనక్కర్లేదు. ఈ చిన్న సంగతి మహామహా శాస్త్రవేత్తలకు బోధపడడానికి ఓ చంద్రయాత్రే జరగవలసి వచ్చిందంటే నమ్ముతారా?

అమెరికాలో 1960ల నాటి మాట. మసాచుసెట్స్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్ లాబొరేటరీలో అపోలో నౌకల కంప్యూటర్‌కు ప్రోగ్రాములు రాసేవారిలో మార్గరెట్ హామిల్టన్ ఒకరు. సాయంత్రాలూ, సెలవురోజులూ పని తెమలకపోతే చిన్నారి కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్ళేవారు.

అక్కడ ఓ సిమ్యులేటర్ ఉండేది. అంటే ఉత్తుత్తి నౌక అన్నమాట. నేలమీదే ఉంటుంది గానీ, చంద్రుడి దారిలో ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. అమ్మ మీటలు నొక్కడం చూసిన పాప ఊరుకుంటుందా? తనూ టకటకా నొక్కేసింది. అంతే, నౌక "కూలిపోయింది"!

ఏమైందంటారా? కంప్యూటర్ జ్ఞాపకశక్తిని వంటింటి డబ్బాల వరస అనుకోండి. ప్రతి డబ్బాకూ ఓ నంబరు. అపోలోలో ప్రోగ్రాములుండే డబ్బాలు 36,864. వాటిలోది మారదు. రాగి తీగలతో ఆడవాళ్ళు ఫ్యాక్టరీలో చేత్తో అల్లిన జ్ఞాపకశక్తి అది! ఇక చెరిపి రాసుకోవడానికి ఉన్నవి 2,048 మాత్రమే. నౌక ఎక్కడుందో, ఎటు పోతోందో ఆ లెక్కలన్నీ వాటిలోనే. పాప పిలిచింది 01 నంబరు ప్రోగ్రామును. అది ప్రయాణానికి ముందు నేలమీద వాడేది. దాంతో కంప్యూటర్, ఇంకా బయల్దేరనే లేదు కాబోలనుకుని, కొన్ని డబ్బాల్లో ఉన్న దారి లెక్కలు చెరిపేసి కొత్తవి పోసుకుంది.

సిమ్యులేటర్ గొప్పతనం అక్కడే ఉంది. అందులో నౌక కూలినా ప్రాణాలు పోవు. ఏ మీటతో ఏ డబ్బాలోది చెరిగిందో తీరిగ్గా వెతికి పట్టుకోవచ్చు.

హామిల్టన్ కారణం పట్టుకున్నారు. ప్రయాణం మధ్యలో ఎవరైనా 01 అడిగితే కంప్యూటరే ఒప్పుకోకుండా ఓ గడియ పెడదామన్నారు. పైవాళ్ళు వింటేగా! "వ్యోమగాములకు అంత శిక్షణ ఇస్తుంటే, అలాంటి తప్పు ఎందుకు చేస్తారు?" అన్నారట. చేసేది లేక, ప్రయాణంలో 01 వాడకండని ఓ కాగితంమీద హెచ్చరిక రాసి ఊరుకోవలసి వచ్చింది.

1968 డిసెంబరు. అపోలో 8లో ముగ్గురు మనుషులు మొట్టమొదటిసారి చంద్రుణ్ణి చుట్టి ఇంటిదారి పట్టారు. వారిలో జిమ్ లోవెల్ ఆరితేరినవాడు. నక్షత్రం నంబరు 01 నొక్కబోయి, ప్రోగ్రాము నంబరు 01 నొక్కేశాడు! నౌక ఏ దిక్కుకు తిరిగి ఉందో కంప్యూటర్ మరిచిపోయింది. ఇది ఉత్తుత్తి నౌక కాదుగదా! చివరికి సిరియస్, రైజెల్ నక్షత్రాలను గురిచూసి దిక్కు సరిచేసుకుని, లెక్కలు మళ్ళీ ఎక్కించాక గండం గడిచింది. డిసెంబరు 27న ముగ్గురూ క్షేమంగా పసిఫిక్ సముద్రంలో దిగారు.

తాను మొదట అడిగిన గడియకు ఆ తరువాతే ఒప్పుకున్నారని హామిల్టన్ చెప్పేవారు. 2016లో అమెరికా ప్రభుత్వం ఆవిడకు ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ఇచ్చి గౌరవించింది.

ఆవిడ గొప్పతనం లెక్కలు రావడంలోనే లేదు. పిల్ల చేసిన అల్లరిని "చిన్నపిల్ల, దానికేం తెలుసు" అని కొట్టిపారేయలేదు చూశారూ, అందులో ఉంది. అలసిపోతే పెద్దవాళ్ళ వేళ్ళూ పసివేళ్ళే. హెచ్చరిక కాగితం మరిచిపోవచ్చు గానీ, తలుపుకున్న గడియ మరిచిపోదు కదా!