బ్యాంకులో ఇచ్చిన కాగితం ఎవరిది?

మొన్నామధ్య ఒక బగ్ వెతుకుతూ టెస్ట్ సర్వర్లో కస్టమర్ టేబుల్ తెరిచాను. డమ్మీ డేటా అనుకున్నా. కాదు, ప్రొడక్షన్ నుంచి ఎవరో ఉన్నదున్నట్టు దింపేశారు. పేర్లు, ఫోన్ నంబర్లు, జీతాలు, అప్పులు, అన్నీ అసలువే. చెయ్యి ఊరుకోక మా ఇంటి ఓనరు నంబరు కొట్టి చూశాను. ఉంది! ఆయన ఎంత అప్పు తీసుకున్నాడో, ఎన్ని వాయిదాలు కట్టలేదో కూడా ఉంది. ఆ సాయంత్రం మెట్ల మీద ఆయన ఎదురుపడి "ఏం బాబూ, లేటయిందే" అంటే మొహం చూడలేకపోయాను.

టీంలో చెబితే ఒకాయన తేలిగ్గా తీసిపారేశాడు. "వాళ్ళే కదండీ ఇచ్చింది. ఇచ్చాక అది కంపెనీదే" అని.

సరిగ్గా ఇదే మాట అమెరికా సుప్రీంకోర్టు 1976లో అంది. మిల్లర్ అనే ఆయన మీద దొంగ విస్కీ కేసు. ప్రభుత్వం ఆయన బ్యాంకు రికార్డులు తెప్పించుకుంది. చెక్కులూ, డిపాజిట్ స్లిప్పులూ నువ్వే బ్యాంకు చేతిలో పెట్టావు కదా, ఇంకా వాటిలో నీ గోప్యత ఏముంది అంది కోర్టు. తర్వాత 1978లో అక్కడి కాంగ్రెస్ ఒక చట్టం చేసి కొంత సర్దింది, అది వేరే సంగతి.

మరి మన దేశంలో ఈ ప్రశ్న ఎక్కడ తేలిందనుకున్నారు? స్టాంపు డ్యూటీ దగ్గర! అదీ మన హైదరాబాదు కేసులో.

1986లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్టాంపు చట్టంలో 73వ సెక్షన్ని సవరించింది. కలెక్టరు రాతపూర్వకంగా పంపిన "ఏ వ్యక్తి అయినా" సరే, కాగితాలున్న చోటికి వెళ్ళి చూడొచ్చు, రాసుకోవచ్చు, స్టాంపు తక్కువైందనుకుంటే పట్టుకుపోవచ్చు. ఎవర్ని పంపాలి, ఏ కారణం చూపాలి అన్నదానికి సరైన కట్టడి లేదు. మన భాషలో చెప్పాలంటే రోల్స్ లేవు, ఆడిట్ లాగ్ లేదు, అడిగినవాడికల్లా అడ్మిన్ యాక్సెస్. బ్యాంకుల్లో ఖాతాదారుల కాగితాల మీద పడేసరికి కెనరా బ్యాంకు కోర్టుకెళ్ళింది. హైకోర్టు ఆ సెక్షన్ కొట్టేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్ళి, 2004 నవంబరు 26న అక్కడా ఓడిపోయింది. గోప్యత చోటుకి సంబంధించింది కాదు, మనిషికి సంబంధించింది. కాగితం బ్యాంకుకి ఇచ్చినంత మాత్రాన అది పోదు అని తేల్చారు. మిల్లర్ తీర్పుని ప్రస్తావించి మరీ పక్కన పెట్టారు.

ఇద్దరు జడ్జీలు ఇంత మాట అనడం చిన్న విషయం కాదు. ఎందుకంటే ఖరక్ సింగ్ కేసులో, 1962 డిసెంబరులో, ఆరుగురు జడ్జీల బెంచిలో మెజారిటీ అసలు రాజ్యాంగంలో ప్రైవసీ హక్కే లేదంది. పోలీసులు అర్ధరాత్రి తలుపు తట్టడం తప్పంది గానీ, వెంటపడి నిఘా వేయడం మాత్రం సరేనంది. అప్పుడు వేరే తీర్పు రాసింది మన రాజమండ్రి మనిషి జస్టిస్ కోకా సుబ్బారావు. జస్టిస్ షా ఆయనతో కలిశారు. వ్యక్తి స్వేచ్ఛలో ప్రైవసీ కూడా భాగమేనని, ఆ నిఘా నిబంధన మొత్తం చెల్లదని అన్నారాయన. మనవాడని చెప్పుకోవడం కాదు గానీ, 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు ఒప్పుకున్నది ఆ దారినే. అప్పటికి ఆయన పోయి నలభై ఏళ్ళు దాటింది.

2023లో డేటా రక్షణ చట్టమూ వచ్చింది. భద్రత సరిగా చూడని కంపెనీకి 250 కోట్ల దాకా జరిమానా. బాగానే ఉంది. కానీ ప్రభుత్వం తనకి కావలసిన సంస్థల్ని నోటిఫికేషన్‌తో మినహాయించుకోవచ్చట! కెనరా బ్యాంకు కేసులో చొరబడింది కంపెనీ కాదు, సర్కారే కదా. నాకైతే ఇది మింగుడు పడలేదు.

సర్కారు సంగతి సరే, నేను మాత్రం ఎవరు రాతపూర్వకంగా పంపితే ఆ నంబరు కొట్టాను?

టెస్ట్ డేటాలో పేర్లూ నంబర్లూ చెరిపేయాలని టికెట్ వేశాను. ప్రయారిటీ 'లో' అని మార్చారు. మళ్ళీ 'హై' చేశాను. ఓనరుకి ఇంకా చెప్పలేదు.