థైరాయిడ్‌ని చేత్తో ఎలా పరీక్షిస్తారు? గుటక వేయమని డాక్టర్ ఎందుకు అడుగుతారు?

రామగుండం: థైరాయిడ్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది రక్త పరీక్షే. కానీ అంతకంటే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. దానికి మెషీన్ అక్కర్లేదు. డాక్టర్ రెండు చేతులు, పేషెంట్ తాగడానికి ఓ గ్లాసు నీళ్లు ఉంటే చాలు. రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. 2022 నవంబర్ 15న ప్రారంభమైన రామగుండంలోని సింగరేణి మెడికల్ కాలేజీ (సిమ్స్) సహా దేశంలోని ప్రతి వైద్య కళాశాలలోనూ ఎంబీబీఎస్ విద్యార్థులు ఈ పరీక్ష నేర్చుకోవాల్సిందే.

కోల్‌బెల్ట్‌లో ఇది ఎందుకు ముఖ్యం?

గని కార్మికులకు చట్టప్రకారం నిర్ణీత కాలానికి ఒకసారి వైద్య పరీక్షలు జరుగుతాయి. క్వార్టర్లలో ఉండే ఆడవాళ్లకు అలాంటి ఏర్పాటు లేదు. థైరాయిడ్ సమస్యలు మగవాళ్ల కంటే ఆడవాళ్లలోనే చాలా ఎక్కువ. నీరసం, బరువు పెరగడం, జుట్టు రాలడం, నెలసరి తేడాలు వస్తే ఇంటి పని అలసట అనుకుని వదిలేస్తారు. మూడో షిఫ్టు చేసే కార్మికుడైతే నిద్ర చాలట్లేదు అనుకుంటాడు. వేరే పని మీద ఆస్పత్రికి వచ్చినప్పుడైనా డాక్టర్ ఒకసారి మెడ చూస్తే సమస్య ముందే బయటపడే అవకాశం ఉంటుంది.

థైరాయిడ్ ఎక్కడుంటుంది?

మెడ ముందు భాగంలో, ఆడమ్స్ యాపిల్‌కి కాస్త కింద, శ్వాసనాళాన్ని హత్తుకుని ఉంటుంది. సీతాకోకచిలుక ఆకారంలో రెండు రెక్కలు, మధ్యలో సన్నటి వంతెన లాంటి భాగం ఉంటాయి. పెద్దవాళ్లలో బరువు సుమారు 15 నుంచి 25 గ్రాములే. ఆరోగ్యంగా ఉన్న గ్రంథి చాలామందిలో బయటికి కనిపించదు.

పరీక్ష ఎలా చేస్తారు?

* ముందు చూపు: పేషెంట్‌ని మంచి వెలుతురులో కూర్చోబెడతారు. చున్నీ, గొలుసులు అడ్డం లేకుండా జరపమంటారు. ముందు నుంచి, పక్క నుంచి మెడను గమనిస్తారు.

* గుటక: నీళ్లు నోట్లో పెట్టుకుని, చెప్పినప్పుడు మింగమంటారు. థైరాయిడ్ శ్వాసనాళానికి అతుక్కుని ఉంటుంది కాబట్టి గుటక వేయగానే పైకి కదులుతుంది. మెడలోని కొవ్వు మడత, మామూలు లింఫ్ గడ్డలు అలా కదలవు. వాపు థైరాయిడ్‌దా కాదా అన్నది ఇక్కడే చాలావరకు తేలిపోతుంది.

* నాలుక: నాలుక బయటపెట్టమంటారు. అప్పుడు కూడా గడ్డ పైకి లాగినట్టు కదిలితే అది పుట్టుకతో మిగిలిపోయిన నాళం వల్ల వచ్చిన నీటి తిత్తి కావచ్చు.

* వెనుక నుంచి తాకడం: ఏం చేయబోతున్నారో ముందే చెప్పి, ఒప్పుకున్నాకే డాక్టర్ వెనక్కి వెళ్లి నిలబడతారు. కండరాలు వదులయ్యేలా పేషెంట్ తల కాస్త ముందుకు వంచాలి. డాక్టర్ బొటనవేళ్లు మెడ వెనుక, మిగతా వేళ్లు ముందు ఉంటాయి. ఒక చేత్తో శ్వాసనాళాన్ని నిలకడగా పట్టుకుని, రెండో చేత్తో అవతలి రెక్కను తడుముతారు. మళ్లీ గుటక వేయమంటారు. గ్రంథి వేళ్ల కింద నుంచి జారుతున్నప్పుడు దాని సైజు, నున్నగా ఉందా గరుకుగా ఉందా, మెత్తగా ఉందా గట్టిగా ఉందా, గడ్డలు ఒకటా ఎక్కువా, నొప్పి ఉందా అన్నవి తెలుస్తాయి.

* చివరగా: మెడ పక్కల లింఫ్ గడ్డలు, శ్వాసనాళం పక్కకి జరిగిందా అన్నది చూస్తారు. చేతుల వణుకు, నాడి వేగం, కళ్లు కూడా పరీక్షలో భాగమే.

కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కడ తడబడతారు?

గట్టిగా నొక్కడం మొదటి తప్పు. అలా నొక్కితే పేషెంట్‌కి దగ్గు వస్తుంది, వేళ్లకి ఏమీ తెలియదు. గుటక వేయించకుండా తడమడం రెండోది. మెడ పక్క కండరాన్నే గ్రంథి అనుకోవడం మూడోది. అందుకే వాపు ఉన్న మెడలే కాదు, మామూలు మెడలు కూడా ఎక్కువగా చూసి చేతికి అలవాటు చేసుకోవాలి.

గ్రేడ్లు ఎలా ఇస్తారు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి ఇది:

* గ్రేడ్ 0: వాపు చేతికి తగలదు, కంటికి కనిపించదు.
* గ్రేడ్ 1: చేతికి తగులుతుంది, మెడ మామూలుగా ఉన్నప్పుడు కనిపించదు.
* గ్రేడ్ 2: మెడ మామూలుగా ఉన్నా వాపు కనిపిస్తుంది.

కొలత కూడా తేలికే. పరీక్ష చేయించుకునే వ్యక్తి బొటనవేలి చివరి కణుపు కంటే గ్రంథి రెక్క పెద్దగా ఉంటే దాన్ని గాయిటర్‌గా లెక్కిస్తారు.

చేతి పరీక్షతో దేశానికే మేలు.. మన శ్రీకాకుళం డాక్టర్ ఘనత

1921లో శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, తన బృందంతో 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో అధ్యయనం మొదలుపెట్టారు. స్కూల్ పిల్లల మెడలు పరీక్షించి ఎంతమందికి గాయిటర్ ఉందో లెక్కగట్టారు. లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు ఇచ్చారు. కొన్నేళ్లకు అయోడిన్ ఉప్పు తిన్న చోట్ల గాయిటర్ బాగా తగ్గింది. ఆ తర్వాత మూడో భాగానికి కూడా అదే ఉప్పు ఇచ్చారు. 1962లో కేంద్రం జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం ప్రారంభించింది. ఇప్పుడు ఇంటికి చేరే ఉప్పులో కనీసం 15 పీపీఎం అయోడిన్ ఉండాలన్నది నిబంధన.

చేతికి తెలియనిది ఏంటి?

చేతికి తెలిసేది గ్రంథి ఆకారమే. అది హార్మోన్ ఎక్కువ ఇస్తోందా తక్కువ ఇస్తోందా అన్నది తెలియదు. మెడ మామూలుగా ఉన్నా థైరాయిడ్ తక్కువగా పనిచేస్తుండొచ్చు. వాపు ఉన్నా హార్మోన్ నార్మల్‌గా ఉండొచ్చు. చిన్న గడ్డలు, లోతుగా ఉన్న గడ్డలు వేళ్లకి అందవు. అందుకే లక్షణాలు ఉంటే టీఎస్‌హెచ్ రక్త పరీక్ష, గడ్డ తగిలితే అల్ట్రాసౌండ్ అవసరమవుతాయి. అలాగని రిపోర్టు నార్మల్ వచ్చిందని మెడ చూడకుండా వదిలేయడం కూడా తప్పే. థైరాయిడ్ క్యాన్సర్ ఉన్న చాలామందిలో టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంటుంది.

ఇవి కనిపిస్తే ఆలస్యం చేయొద్దు

* మెడలో గడ్డ త్వరగా పెరగడం
* రాయిలా గట్టిగా, కదలకుండా ఉండటం
* కారణం లేకుండా గొంతు బొంగురుపోవడం
* మింగడానికి ఇబ్బంది, పడుకుంటే ఊపిరాడకపోవడం
* మెడ పక్కన కూడా గడ్డలు రావడం

ఇంట్లో చూసుకోవచ్చా?

చూసుకోవచ్చు. అద్దం ముందు నిలబడి, తల కాస్త పైకెత్తి, నీళ్లు మింగుతూ మెడ కింది భాగం గమనించండి. గుటకతో పాటు ఏదైనా ఉబ్బు పైకి కదిలితే డాక్టర్‌కి చూపించండి. థైరాయిడ్ గడ్డల్లో ఎక్కువ శాతం క్యాన్సర్ కావు కాబట్టి కంగారు పడొద్దు. ఏమీ కనిపించలేదని లక్షణాలను మాత్రం పట్టించుకోకుండా ఉండొద్దు.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. సమస్య ఉంటే డాక్టర్‌ని సంప్రదించాలి.