తెలుగునేలపై కంపెనీ నాణేలు: దేశాలవారీ వర్గీకరణ

వలస పాలకులూ వర్తక కంపెనీలూ అచ్చు వేయించిన నాణేలను సేకర్తలు దేశాలవారీగా సర్దుతారు. నాణెం ఎవరి అధికారం కింద, ఏ ప్రాంతపు చెలామణీ కోసం తయారైందో చూసి దాని దేశాన్ని నిర్ణయిస్తారు. దాని మీదున్న రాజు పేరు ఒక్కటే ఇందుకు చాలదు. 17, 18 శతాబ్దాల్లో ఒక్క కోస్తా తీరంలోనే డచ్చి, ఫ్రెంచి, ఇంగ్లీషు కంపెనీలు వర్తకం నడిపాయి. లోపలి తెలంగాణ 1724 తర్వాత నిజాము ఏలుబడిలో ఉండేది. అందుకే తెలుగువారి చేతుల్లో తిరిగిన నాణేలు నేటి కేటలాగుల్లో నాలుగైదు శీర్షికల కింద కనిపిస్తాయి.

దక్షిణాదిలో ఈ పనికి తొలి పునాది మద్రాసు మ్యూజియంలో పడింది. అక్కడి సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాదిన ఈస్టిండియా కంపెనీ ఏలిన ప్రాంతాల నాణేల చరిత్రను, మ్యూజియం సేకరణ జాబితాతో కలిపి 1890లో ప్రచురించాడు. ఆ తర్వాత రెండు దారులు ఏర్పడ్డాయి. ఒకటి ఏలిన దేశాన్ని బట్టి సర్దడం. డచ్చివారి సముద్రాంతర నాణేలన్నిటినీ స్కోల్టెన్ 1953లో ఒకే గ్రంథంలోకి తెచ్చాడు. బ్రిటిష్ కామన్‌వెల్త్ నాణేల మీద ప్రిడ్‌మోర్ రాసిన సంపుటాల్లో కంపెనీ ప్రెసిడెన్సీలకు కేటాయించినది 1975లో వచ్చింది. రెండో దారి నాణెం చెలామణీ అయిన భూభాగాన్ని బట్టి సర్దడం. క్రౌజ్, మిష్లర్ 1972లో మొదలుపెట్టిన ప్రపంచ నాణేల కేటలాగు ఈ దారినే స్థిరపరచింది. అందులో భారతదేశం కింద డచ్చి, ఫ్రెంచి, డేనిష్, పోర్చుగీసు, బ్రిటిష్ విభాగాలు వేరువేరుగా ఉంటాయి. సంస్థానాలకు మరో విభాగం. సేకర్తలు నేటికీ నాణేన్ని ‘కేఎం’ సంఖ్యతో పిలవడం ఆ కేటలాగు వల్లనే.

ఈ పద్ధతికి గట్టి పరీక్ష మచిలీపట్నం. 17వ శతాబ్దం తొలి ఏళ్లలో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు అక్కడ వర్తక స్థావరాలు పెట్టారు. 1750లో రేవు ఫ్రెంచివారి చేతికి వచ్చింది. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ దాన్ని ఇంగ్లీషు కంపెనీకి గెలిచిపెట్టాడు. ఆ కాలపు రూపాయల మీద ఉండేది మొగలు చక్రవర్తి పేరే, రాత పారశీకమే. చూపుకు అవి మొగలు నాణేలే. టంకశాల పేరు, పాలనా సంవత్సరం, చిన్న గుర్తులు చదివితే తప్ప అవి ఎవరివో తేలదు. పాలకుడు మారిన ఏడాది నాణెం ఏ పక్కకు వెళ్తుందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. ఆర్కాటు రూపాయిలతోనూ ఇదే చిక్కు. ఆర్కాటు టంకశాల పేరుతోనే పాండిచ్చేరిలో ఫ్రెంచివారూ మద్రాసులో ఇంగ్లీషువారూ అచ్చు వేశారు. నెలవంక ఉంటే ఫ్రెంచిది, తామర ఉంటే మద్రాసుది. ఇంత చిన్న గుర్తు మీద నాణెం దేశం ఆధారపడటం ఈ రంగంలో మామూలు విషయం. అరిగిపోయిన రూపాయికి తొందరపడి పేరు పెట్టకూడదనడానికి కారణం కూడా ఇదే.

డచ్చి కంపెనీ ముద్ర దాని పేరులోని వీఓసీ అక్షరాల అల్లిక. పులికాట్, నాగపట్నం, మచిలీపట్నం వంటి చోట్ల ఆ కంపెనీ ఇక్కడే నాణేలు అచ్చు వేయించింది. వాటిని డచ్చి భారతం కింద చేరుస్తారు. అదే అల్లికతో నెదర్లాండ్స్ రాష్ట్రాల టంకశాలల్లో తయారైన డాయిట్లనే రాగి చిల్లర నాణేలు మాత్రం డచ్చి ఈస్టిండీస్ కిందికి పోతాయి. ముద్ర ఒకటే అయినా చెలామణీ ఉద్దేశం వేరు. కోస్తా రేవుల్లో దొరికిందన్న ఒక్క కారణంతో డాయిట్‌ను ఇక్కడి నాణెం అనడం పొరపాటు.

ఇంగ్లీషు కంపెనీ నాణేల్లో తెలుగువారికి అతి దగ్గరివి ఉత్తర సర్కారుల రాగి నాణేలు. బర్మింగ్‌హామ్‌లోని సోహో టంకశాల 1794, 1797 సంవత్సరాల తేదీలతో వీటిని యంత్రాలపై అచ్చు వేసింది. కంపెనీ అధికార చిహ్నం, అది సరుకు మూటల మీద వేసే గుర్తు, ‘48 కలిస్తే ఒక రూపాయి’ అని ఇంగ్లీషు మాటలు వాటిపై కనిపిస్తాయి. సగం విలువవి 96కు ఒక రూపాయి. ఇంగ్లండులో తయారైనా ఇవి బ్రిటన్ శీర్షికలోకి రావు. బ్రిటిష్ ఇండియాలో, మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉంటాయి. మద్రాసులో పాత లెక్క 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక వరహా. 19వ శతాబ్దం తొలి దశకంలో వచ్చిన వెండి అర వరహా, పావు వరహాల మీద గోపురం, విష్ణుమూర్తి బొమ్మలతో పాటు ఇంగ్లీషు, పారశీక, తమిళ, తెలుగు రాతలున్నాయి. తెలుగు అక్షరాలను కంపెనీ నాణెం మీద చదవగలగడం సేకర్తకు పెద్ద సంతోషం. 1808 నాటి పది, ఇరవై కాసుల నాణేలను మోసుకొస్తూ ‘అడ్మిరల్ గార్డ్‌నర్’ ఓడ 1809 జనవరిలో గుడ్‌విన్ ఇసుకదిబ్బల దగ్గర మునిగిపోయింది. 1980లలో సముద్రంలోంచి వెలికితీసిన ఆ నాణేలు నేడు ప్రపంచమంతటా సేకర్తల దగ్గరున్నాయి. ఇండియా నేల తొక్కకపోయినా కేటలాగులో వాటి చోటు మద్రాసు ప్రెసిడెన్సీయే.

1835 చట్టంతో మూడు ప్రెసిడెన్సీలకూ ఒకే రకం నాణేలు వచ్చాయి. అక్కడి నుంచి వర్గీకరణ తేలిక.

గోదావరి ఎగువన పోచంపాడ్, ఆర్మూరు ప్రాంతం కథ వేరు. ఆ ప్రాంతమున్న నిజామాబాద్ జిల్లా నిజాము రాజ్యంలోనిది కాబట్టి అక్కడి పాత నాణేలు చాలామటుకు సంస్థానాల విభాగంలో, హైదరాబాదు కింద చేరతాయి. 1858 దాకా వాటిపై మొగలు చక్రవర్తి పేరే ఉండేది. ఆ తర్వాత నిజాము సొంత నాణెం హాలీ సిక్కా మొదలైంది. ఏడు హాలీ రూపాయలకు ఆరు బ్రిటిష్ రూపాయలు మారకం ధర. నిజాము మహబూబ్ అలీఖాన్ కాలంలో యంత్రాలతో చార్మినార్ బొమ్మ నాణేలు వచ్చాయి. సైఫాబాద్ టంకశాల 1903లో ఏర్పడింది. వనపర్తి, నారాయణపేట వంటి సామంత టంకశాలల నాణేలను హైదరాబాదు కిందే ఉపవిభాగాలుగా చూపుతారు. వాటిని కంపెనీ నాణేలతో కలపడం సరికాదు.

నాణెం దేశాన్ని నిర్ణయించేది అది దొరికిన చోటు కాకపోయినా, ఆ చోటు తెలియడం కూడా ముఖ్యమే. ఏ పొలంలో, ఏ కుండలో, వేటితో కలిసి దొరికిందో రాసిపెట్టని నాణెం సగం సాక్ష్యం పోగొట్టుకుంటుంది. దొరికినదాన్ని తెలపడం చట్టరీత్యా బాధ్యత కూడా: భారత నిధి నిక్షేపాల చట్టం, 1878 ప్రకారం పది రూపాయలకు మించిన విలువైన నిధి దొరికినవారు జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి.