బ్రౌజర్ తలవంచిన పాత పేరు

2018 మార్చి. మొజిల్లా వాళ్ల ఫైర్‌ఫాక్స్ నైట్లీ, అంటే జనంలోకి వెళ్లకముందు పరీక్షకు వదిలే బ్రౌజర్, కొత్త సరుకుతో వచ్చింది. అందులో ఒకటి జావాస్క్రిప్ట్ అర్రేలకు ‘ఫ్లాటెన్’. జాబితాలో జాబితా దూరి ఉంటే అన్నిటినీ ఒకే వరసలోకి తేవడం దాని పని.

అంతలోనే ఫిర్యాదు. జనం బాగా చూసే ఒక వెబ్‌సైట్ నైట్లీలో మొరాయించింది. సైట్ పాతదే, కోడ్ పాతదే. మరి చెడింది ఎక్కడ?

కూపీ లాగితే తీగ మూటూల్స్ దగ్గర తేలింది. 2006లో వచ్చి, ఒకప్పుడు వెబ్‌లో బాగా వాడుకలో ఉన్న లైబ్రరీ అది. జావాస్క్రిప్ట్ ఇచ్చే చనువు చాలా ఎక్కువ. ప్రోగ్రాం నడుస్తుండగానే, భాషలో పుట్టుకతో ఉన్న రకాలకు కూడా ఎవరైనా కొత్త గుణాలు తగిలించొచ్చు. ‘అర్రే ప్రోటోటైప్’కు ఒకటి తగిలిస్తే పేజీలోని అర్రేలన్నిటికీ అది వచ్చేసినట్టే. మూటూల్స్ ఏనాడో అలా తన సొంత ‘ఫ్లాటెన్’ను తగిలించుకుంది.

చాదర్‌ఘాట్ గల్లీలో ఒకాయన బల్దియాను అడక్కుండానే తన ఇంటి నెంబరు పక్కన ‘బై ఏ’ అని రాసుకున్నాడనుకోండి. పోస్ట్‌మ్యాన్‌కూ గ్యాస్ కుర్రాడికీ అలవాటైపోతుంది. ఏళ్ల తర్వాత బల్దియా అదే ‘బై ఏ’ను పక్క పోర్షన్‌కు ఇస్తే? సరిగ్గా ఆ తగాదాయే ఇది.

అసలు మెలిక ఒక లూప్‌లో ఉంది. మూటూల్స్ అర్రే గుణాలను ఒక్కొక్కటే తిరగేసి, తన ‘ఎలిమెంట్స్’ రకానికి నకలు తీస్తుంది. మామూలుగా తగిలించిన గుణం ఆ లూప్‌కు కనబడుతుంది. బ్రౌజర్ తనతో తెచ్చుకున్నది కనబడదు. ఇప్పుడు ఫ్లాటెన్ ముందే బ్రౌజర్‌లో ఉంది. మూటూల్స్ దాని మీదే తన ఫంక్షన్‌ను రాసింది. లోపలి ఫంక్షన్ మారింది గానీ ‘కనబడకూడదు’ అన్న ముద్ర చెరగలేదు. లూప్ దాన్ని దాటి వెళ్లిపోయింది. ఎలిమెంట్స్‌కు ఫ్లాటెన్ అందలేదు. పిలిచిన చోట పేజీ చతికిలబడింది.

పేచీ జావాస్క్రిప్ట్ ప్రమాణాలు తేల్చే టీసీ39 కమిటీకి చేరింది. ప్రతిపాదన తెచ్చిన మైకేల్ ఫికారా సరదాకి పేరును ‘స్మూష్’ అని మార్చేద్దామన్నాడు. చాలామంది నిజమేననుకున్నారు. ఇంకేం, ‘స్మూష్‌గేట్’ పేరుతో రచ్చ రచ్చ! పాత సైట్లు పోతే పోనీ అన్నవాళ్లూ లేకపోలేదు. కానీ ఆ సైట్లు చూసే మామూలు జనానికి మూటూల్స్ పేరైనా తెలియదు. శిక్ష మాత్రం వాళ్లకే పడుతుంది. అంతకుముందు అర్రేలకు తేబోయిన ‘కంటెయిన్స్’ కూడా ఇదే లైబ్రరీ దెబ్బకు ‘ఇన్‌క్లూడ్స్’గా మారింది.

2018 మే సమావేశంలో కమిటీయే తగ్గింది. ‘ఫ్లాటెన్’ కాస్తా ‘ఫ్లాట్’ అయి 2019 ప్రమాణంలో చేరింది. ఇవాళ కోఠి నుంచి నాంపల్లి దాకా ఎవరి ఫోన్‌లో చూసినా ఉన్నది ఆ ఫ్లాటే. మూటూల్స్ ఉమ్మడి రకాన్ని కెలకకుండా విడిగా ఒక ఫంక్షన్ రాసుకుని ఉంటే, సొంత సౌకర్యం ఖరీదు భాష మొత్తం మీద పడేది కాదు.