మూత్రాశయం నుండి ఇంటి వాతావరణం వరకు: పెంపుడు పిల్లుల వ్యాధి, ప్రవర్తనల అవగాహన చరిత్ర (1925–2014)

వ్యాస సంగ్రహం:
పెంపుడు పిల్లి నిర్ణీత స్థలంలో కాక ఇంట్లో మరోచోట మూత్రం పోస్తే దానిని యజమాని దుష్ప్రవర్తనగానూ, వైద్యుడు మూత్రాశయ వ్యాధిగానూ చూడటం చాలాకాలం సాగింది. ఈ రెండు దృష్టులు ఇరవయ్యో శతాబ్దపు పశువైద్యంలో ఎలా ఏర్పడ్డాయి, ఎలా వేరుపడ్డాయి, తిరిగి ఎలా కలిశాయి అనే అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వ్యాధికి పెట్టిన పేరు పరిశోధన దిశను ఏ మేరకు నిర్ణయించిందో చర్చిస్తుంది.

కీలక పదాలు: పెంపుడు పిల్లి, మూత్రాశయ శోథ, స్ట్రువైట్, ఒత్తిడి, పశువైద్య చరిత్ర, ప్రవర్తన.

1. ఉపోద్ఘాతం:
పిల్లి మాటలతో బాధ చెప్పలేదు. దాని బాధ మనిషికి తెలిసేది ప్రవర్తన ద్వారానే. తిండి మానటం, మూల చేరి దాగటం, పరుపు మీదనో బట్టల మీదనో మూత్రం పోయటం వంటివి వ్యాధి లక్షణాలు కావచ్చు, భయానికి గుర్తులూ కావచ్చు. వీటిని వేరుచేసి చూడటం వైద్యునికే కష్టం. యజమాని చాలా సందర్భాలలో మూడో అర్థం తీస్తాడు: పిల్లి పగబట్టిందని, మొండికేసిందని.

ఈ అపార్థపు ఫలితం చిన్నది కాదు. గ్యారీ ప్యాట్రోనెక్ తదితరులు అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో జరిపి 1996లో ప్రచురించిన అధ్యయనంలో, తరచుగా తొట్టి వెలుపల మలమూత్ర విసర్జన చేసే పిల్లులను యజమానులు జంతు ఆశ్రయాలకు వదిలివేసే అవకాశం ఎక్కువని తేలింది. ఆశ్రయానికి చేరిన పిల్లులన్నిటికీ మరో ఇల్లు దొరకదు. కాబట్టి ‘ఇది వ్యాధా, ప్రవర్తనా’ అన్న ప్రశ్నకు చెప్పే సమాధానం మీద అనేక సందర్భాలలో ఆ ప్రాణి బతుకే ఆధారపడి ఉంటుంది.

2. ఇంటిలోపలి పిల్లి అవతరణ:
పెంపుడు పిల్లికి మూలం పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికా ప్రాంతాల అడవిపిల్లి అని 2007లో వెలువడిన జన్యు పరిశోధన నిర్ధారించింది. పొడినేలల జీవి కావటం వల్ల దానికి దాహం తక్కువ, మూత్రం చిక్కన. మట్టి తవ్వి విసర్జించి కప్పిపెట్టటం దాని సహజ లక్షణం. తెలుగు పల్లెల్లో పిల్లి గోడల మీద, అటకల మీద, గాదెల చుట్టూ తిరుగుతూ ఎలుకలు పట్టే అర్ధస్వేచ్ఛా జీవి. దాని మూత్రవిసర్జన ఇంటివారికి పెద్ద సమస్యగా తోచే సందర్భాలు తక్కువ. తలుపులు మూసిన ఇల్లే దాని ప్రపంచమైనప్పుడు పరిస్థితి మారుతుంది.

అమెరికాలో ఈ మార్పుకు దోహదం చేసిన వస్తువు ఒకటుంది. మిషిగన్ రాష్ట్రానికి చెందిన ఎడ్వర్డ్ లో 1947లో ఒక పొరుగామెకు ఫుల్లర్స్ ఎర్త్ ఇచ్చాడు. తెలుగువారు ముల్తానీ మట్టి అని పిలిచే జాతికి చెందిన, తేమను పీల్చే మట్టి అది. ఆమె అంతకుముందు పిల్లి తొట్టిలో బూడిద వాడేది. కొత్త మట్టి వాసనను, తడిని పట్టి ఉంచటంతో లో దానిని సంచులలో నింపి అమ్మటం మొదలుపెట్టాడు. పిల్లిని ఎన్నడూ బయటికి వదలకుండా పెంచటం దీనితో సులభమైంది. తయారీ పొడి ఆహారం వ్యాప్తి కూడా ఇదే కాలంలో పెరిగింది. తక్కువ నీరు తాగే ప్రాణికి తేమలేని తిండి, తిరిగే ప్రాణికి నాలుగు గోడలు ఏకకాలంలో అమరాయి.

3. పేరుతో స్థిరపడిన వ్యాధి:
పిల్లులలో మూత్రం బిగించటం కొత్త సంగతి కాదు. లండన్‌లో 1925లో వెలువడిన హామిల్టన్ కిర్క్ గ్రంథం పిల్లుల వ్యాధులను గురించిన తొలి సమగ్ర ఆంగ్ల రచనల్లో ఒకటి. మూత్రం నిలిచిపోవటాన్ని, మూత్రంలోని ఇసుకవంటి పదార్థాన్ని చర్చించిన ఆ గ్రంథం, పిల్లిని ఇంట్లో అతిగా బంధించటాన్ని కూడా ఒక కారణంగా పేర్కొన్నది. పరిసరానికీ వ్యాధికీ గల సంబంధం ఆనాడే గుర్తింపు పొందింది. అయితే ఆ సూచనను తరువాతి తరాలు అందిపుచ్చుకోలేదు.

1970లో ఓస్బాల్డిస్టన్, టాసిగ్ అనే పశువైద్యులు 46 పిల్లుల వివరాలు ప్రచురిస్తూ ఈ లక్షణ సముదాయాన్ని ‘ఫెలైన్ యూరలాజికల్ సిండ్రోమ్’ అన్నారు. మాటిమాటికీ కొద్దికొద్దిగా మూత్రం పోయటం, ముక్కటం, మూత్రంలో రక్తం, మగపిల్లులలో మూత్రమార్గం పూర్తిగా మూసుకుపోవటం ఇందులో చేరాయి. పేరు త్వరగా వాడుకలోకి వచ్చింది. అయితే అది వ్యాధి పేరు కాదు, కొన్ని లక్షణాలకు పెట్టిన ఉమ్మడి పేరు. ఒకే పేరు ఉన్నందున ఒకే కారణం ఉండాలన్న భావన పరిశోధకులలో బలపడింది.

4. ఒకే కారణం కోసం అన్వేషణ:
మొదటి ప్రతిపాదన వైరస్. కార్నెల్ విశ్వవిద్యాలయంలో కేథరిన్ ఫాబ్రికాంట్ తదితరులు 1960ల చివరి నుండి వ్యాధిగ్రస్త పిల్లులలో వైరస్‌లను గుర్తించారు. కానీ సహజంగా వచ్చే వ్యాధి అంతటికీ వైరసే కారణమన్న వాదం నిలవలేదు.

రెండవది ఆహారం. మెగ్నీషియం అధికంగా ఉన్న ఆహారంతో పిల్లులలో స్ట్రువైట్ రాళ్ళను కల్పించవచ్చని ప్రయోగాలు చూపాయి. స్ట్రువైట్ అంటే మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్‌ల స్ఫటికం. దీనితో ఆహారంలోని ‘బూడిద’ శాతం చర్చనీయాంశమైంది. 1985లో బఫింగ్టన్, రోజర్స్, మోరిస్‌లు మెగ్నీషియం ప్రభావం మూత్రపు ఆమ్లత మీద ఆధారపడి ఉంటుందని నిరూపించారు. మూత్రాన్ని ఆమ్లయుతం చేసే ఆహారాలు మార్కెట్లోకి వచ్చాయి. స్ట్రువైట్ రాళ్ళు తగ్గాయి. అదే కాలంలో కాల్షియం ఆక్సలేట్ రాళ్ళ నిష్పత్తి పెరిగిందని, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1981లో నెలకొల్పిన రాళ్ళ విశ్లేషణ కేంద్రం నమోదులు చూపాయి. ఆహార పరిశోధన వ్యర్థం కాదు. స్ట్రువైట్ రాళ్ళను శస్త్రచికిత్స లేకుండా కరిగించటం దాని వల్లే సాధ్యమైంది. అయితే రాళ్ళు లేని పిల్లుల సంగతి అది చెప్పలేకపోయింది.

డెన్మార్క్‌లో ప్రేబెన్ విల్లెబెర్గ్ 1975 నుండి జరిపిన వ్యాధి వ్యాప్తి అధ్యయనాలు ఇక్కడ గమనార్హం. వృషణాలు తొలగించిన మగపిల్లులు, పొడి ఆహారం ఎక్కువగా తినేవి, బయట తిరగనివి ఎక్కువగా ఈ వ్యాధికి గురవుతున్నాయని ఆయన గుర్తించాడు. ఈ అంశాలలో పరిశోధనను ఎక్కువగా ఆకర్షించింది ఆహారం. ఆహారాన్ని కొలవవచ్చు, మార్చవచ్చు, అమ్మవచ్చు. పిల్లి జీవన విధానాన్ని ప్రయోగశాలలో కొలవటం అంత సులభం కాదు. కిర్క్ సూచన లాగే విల్లెబెర్గ్ పరిశీలనలోని ఈ భాగం కూడా చాలాకాలం వెనుకబడి ఉండిపోయింది.

తప్పు సిద్ధాంతాలు నిలవటానికి వ్యాధి స్వభావమూ తోడ్పడింది. మూత్రమార్గం మూసుకుపోని పిల్లులలో లక్షణాలు ఏ చికిత్స చేసినా, చేయకపోయినా చాలావరకు వారం రోజుల లోపు తగ్గిపోతాయి. కనుక ఆ సమయంలో ఇచ్చిన ప్రతి మందూ పనిచేసినట్లే కనిపించింది.

5. పేరు మార్పు, కారణం లేని వ్యాధి:
మిన్నెసోటాకు చెందిన కార్ల్ ఓస్బోర్న్, ఆయన సహచరులు 1984లో ‘సిండ్రోమ్’ అన్న పేరును విమర్శించారు. ఇది ఒక్క వ్యాధి కాదని, భిన్న కారణాలు గల దిగువ మూత్రమార్గ వ్యాధుల సముదాయమని వాదించారు. ప్రతి పిల్లిలో కారణం వేరుగా వెదకాలన్నది ఇందులోని సారాంశం. 1991లో క్రూగర్ తదితరులు 141 పిల్లులను పరీక్షించి ప్రచురించిన ఫలితాలలో సగానికి పైగా పిల్లులకు నిర్దిష్ట కారణం దొరకలేదు. రాళ్ళు, బాక్టీరియా, కణితి ఏవీ లేవు. దీనికి ‘ఇడియోపతిక్ సిస్టైటిస్’, అంటే కారణం తెలియని మూత్రాశయ శోథ అన్న పేరు స్థిరపడింది.

6. మూత్రాశయం దాటిన దృష్టి:
ఆహార పరిశోధనలో పేరుపొందిన టోనీ బఫింగ్టనే ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఈ ప్రశ్నను కొత్త దారి పట్టించటం విశేషం. మనుషులలో కనిపించే ‘ఇంటర్‌స్టిషియల్ సిస్టైటిస్’తో దీనికి పోలికలున్నాయని ఆయన బృందం గుర్తించింది. 1998లో వ్యాధిగ్రస్త పిల్లుల మెదడు కాండంలో ఒత్తిడి స్పందనతో సంబంధమున్న భాగంలో మార్పులు కనబడ్డాయి. 2003లో వాటి అడ్రినల్ గ్రంథులు చిన్నవిగా ఉన్నట్లు తేలింది. ఒత్తిడి స్పందనను నడిపే నాడీవ్యవస్థ చురుకుగా ఉండి, దానికి తోడు నిలవవలసిన గ్రంథి బలహీనంగా ఉందని దీని అర్థం. మూత్రాశయం వ్యాధికి మూలం కాక, బాధ వ్యక్తమయ్యే స్థానాలలో ఒకటి కావచ్చునన్న ఆలోచనకు ఇవి ఆధారాలయ్యాయి.

2006లో ఈ బృందం 46 పిల్లుల ఇళ్ళలో మార్పులు చేయించింది. దాగే చోట్లు, ఎత్తయిన కూర్చునే స్థలాలు, తగినన్ని తొట్టెలు, ఆటలు, ఇతర పిల్లులతో ఘర్షణ తగ్గించే ఏర్పాట్లు ఇందులో ఉన్నాయి. పది నెలల పరిశీలనలో మూత్ర సంబంధ లక్షణాలతో పాటు భయం, బెదురు వంటివి కూడా తగ్గాయి. పోల్చి చూడటానికి మార్పులు చేయని మరో సమూహం లేకపోవటం ఈ అధ్యయనపు పరిమితి.

2011లో జూడీ స్టెల్లా, లిండా లార్డ్, బఫింగ్టన్‌లు ప్రచురించిన అధ్యయనం మరింత ముఖ్యమైనది. 20 వ్యాధిగ్రస్త పిల్లులను, 12 ఆరోగ్యవంతమైన పిల్లులను 77 వారాలు గమనించారు. సంరక్షకులు మారటం, దినచర్య తప్పటం వంటివి జరిగిన వారాలలో రెండు సమూహాలలోనూ వాంతులు, తిండి తగ్గటం, తొట్టి వెలుపల విసర్జన పెరిగాయి. అంటే ఆరోగ్యంగా ఉన్న పిల్లి కూడా కలత చెందితే ‘తప్పు’ చేస్తుంది. యజమాని పగ అనుకున్నది నిజానికి శరీరపు కలవరం. ఆ ఏడాదే బఫింగ్టన్ ఈ స్థితికి ‘పండోరా సిండ్రోమ్’ అన్న పేరును ప్రతిపాదించాడు. ఒక్క అవయవం పేరు పెడితే మిగిలిన శరీరం కనిపించకుండా పోతుందన్నది ఆ ప్రతిపాదన వెనుక ఉన్న అనుభవం.

7. రెండు దృష్టుల కలయిక:
2013లో అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ ఫెలైన్ ప్రాక్టీషనర్స్, ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఫెలైన్ మెడిసిన్ కలిసి పిల్లి పరిసర అవసరాలపై మార్గదర్శకాలు వెలువరించాయి. సురక్షిత స్థలం, వేరువేరుగా అమర్చిన వనరులు, ఆటకు వేటకు అవకాశం, మనుషులతో ఊహించదగిన స్నేహపూర్వక సంబంధం, వాసనా జ్ఞానానికి గౌరవం అనే అయిదు మూలస్తంభాలను అవి పేర్కొన్నాయి. 2014లో వచ్చిన మరో మార్గదర్శక పత్రం తొట్టి వెలుపల విసర్జనను వైద్య, ప్రవర్తనా కోణాల నుండి కలిపి చర్చించింది.

ఈ కలయికలోనూ ఒక ప్రమాదం ఉంది. ఒకనాడు అన్నిటికీ స్ఫటికాలే కారణమన్నట్లు, ఈనాడు అన్నిటికీ ఒత్తిడే కారణమనటం పాత పొరపాటునే తిరగవేయటమవుతుంది. మూత్రమార్గం మూసుకుపోయిన మగపిల్లి రక్తంలో పొటాషియం పెరిగి, గుండె లయ తప్పి, రెండు మూడు రోజులలో మరణించవచ్చు. దానికి కావలసింది ముందు తక్షణ వైద్యం. ఇంటి ఏర్పాట్లు ఆ తరువాతి మాట.

8. ముగింపు:
కిర్క్ 1925లో సూచించిన సంగతిని పశువైద్యం నిరూపించటానికి ఎనభై ఏళ్ళకు పైగా పట్టింది. ఆధారాలు లేకపోవటం ఇందుకు పూర్తి కారణం కాదు. ఉన్న ఆధారాలలో ఏది ముఖ్యమో అప్పటి పేర్లు, కొలిచే సాధనాలు, మార్కెట్ అవసరాలు నిర్ణయించాయి. పేరు మారిన ప్రతిసారీ అడిగే ప్రశ్న మారింది. ‘ఏ సూక్ష్మజీవి’, ‘ఏ లవణం’ అన్న ప్రశ్నలు చివరికి ‘ఈ ప్రాణి ఎలాంటి ఇంట్లో బతుకుతున్నది’ అన్న ప్రశ్నకు చేరాయి.

తెలుగు నగరాలలోనూ అపార్టుమెంట్లలో పూర్తిగా ఇంటిలోపలే పిల్లులను పెంచటం కనిపిస్తున్నది. గోడలు, అటకలు తిరిగిన ప్రాణి మూసిన గదుల జీవిగా మారుతున్న చోట ఈ చరిత్రకు ప్రయోజనం ఉంది. పిల్లి చేసిన ‘తప్పు’ను శిక్షించే ముందు దాని శరీరాన్ని పరీక్షించాలి, ఆ వెంటనే దాని ఇంటినీ పరీక్షించాలి. ఈ రెండింటిలో ఏ ఒక్కటి వదిలినా జరిగే నష్టమేమిటో గత శతాబ్దపు అనుభవం స్పష్టంగా చూపుతున్నది.