సీసా మారలేదు, లోపల సరుకు మారింది

మాది కమలాపురం, కడప జిల్లా. నా చిన్నప్పుడు మా అవ్వ రేషన్ కిరసనాయిలును కూల్‌డ్రింక్ సీసాలో పోసి స్టవ్ పక్కనే పెట్టేది. ఒకరోజు మా తమ్ముడు దాహమేసి ఒక గుటక వేశాడు. అవ్వ ఉప్పునీళ్లు తాగించి కక్కించబోతే, పక్కింటాయన ఆపి ఆస్పత్రికి తీసుకుపోయాడు. వాడు బతికాడు.

ఆయన ఆపడం ఎందుకు కరెక్టో తర్వాత తెలిసింది. కక్కేటప్పుడు కిరసనాయిలు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. యాసిడ్ అయితే గొంతును రెండోసారి కాలుస్తుంది.

కెనడాలో హెన్రీ బ్రో అనే పిల్లల డాక్టర్, పిల్లలు మందులు మింగే కేసులు చూసి చూసి, 1967లో నొక్కి తిప్పితేనే వచ్చే మూత తెచ్చాడు. 1970లో అమెరికా ఇలాంటి మూతల కోసం చట్టమే చేసింది.

మన దగ్గర 1999లో దీపం, 2016లో ఉజ్వల పథకాలతో గ్యాస్ పొయ్యిలు పెరిగాయి. కిరసనాయిలు వంటింట్లోంచి పోయింది, సీసా అలవాటు పోలేదు. ఇప్పుడు అందులో ఫినాయిల్, బాత్రూం యాసిడ్! పిల్లోడు లేబుల్ చదవడు, సీసా చూస్తాడు.

అందుకే కొన్న డబ్బాలోనే ఉంచండి, పై అటకెక్కించండి. ఎవరైనా తాగితే కక్కించొద్దు. 108కి ఫోన్ చేయండి, ఆ డబ్బా కూడా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

వీడియో ఆపి ఒకసారి మీ బాత్రూంలో చూసి రండి. ఉంటా!