పన్ను ఖరీదు ఎంత?



పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు మన పెద్దవాళ్లు. నిజమే, పోగొట్టుకోవడానికి ఏ రాయైనా సరిపోతుంది. తిరిగి పెట్టించుకోవాలంటేనే వస్తుంది చిక్కంతా.

మొన్నామధ్య మా పక్కింటావిడ వచ్చి కూచుంది. యాభై దాటిన మనిషి. కింది దవడలో రెండు పళ్లు పోయి ఏడాదైంది. "డాక్టరుగారు ఇంప్లాంట్లు పెట్టించుకోమంటున్నారు వదినగారూ. ఆ డబ్బు పెడితే అమ్మాయికి ఏదో ఒక నగ వస్తుంది. ఒక పక్కన నమిలి గడిపేస్తున్నానుగా, ఈ వయసులో నా పళ్లకి అంత ఖర్చు అవసరమంటారా?" అని అడిగింది.

ఆవిడ ప్రశ్న కొత్తదేమీ కాదు. రాజులూ, అధ్యక్షులూ, మంత్రులూ కూడా తలలు పట్టుకున్న ప్రశ్న అది. కాస్త ఆ చరిత్ర చెప్పి, మళ్లీ ఆవిడ దగ్గరికే వస్తాను.

అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ 1789లో ప్రమాణ స్వీకారం చేసేనాటికి ఆయన నోట్లో సొంత పన్ను ఒక్కటే మిగిలింది. ఆయన పెట్టుకున్నవి చెక్క పళ్లని ఒక కట్టుకథ ఉంది. అది నిజం కాదు. జాన్ గ్రీన్‌వుడ్ అనే దంతవైద్యుడు నీటిగుర్రపు దంతాన్ని చెక్కి, ఆ ఒక్క పన్ను కోసం కంత వదిలి, ఆయనకి కట్టుడు పళ్లు చేసి ఇచ్చాడు. ఆయన వాడిన సెట్లలో మనుషుల పళ్లు కూడా ఉండేవి. ఆ పళ్లు ఎవరివనుకున్నారు? 1784లో ఆయన ఎస్టేటు జమాఖర్చుల పుస్తకంలో ఒక పద్దు ఉంది: నీగ్రోల దగ్గర తొమ్మిది పళ్లు కొన్నందుకు 6 పౌండ్ల 2 షిల్లింగులు. అంటే ఆ ఎస్టేటులోని బానిసల నోటి పళ్లన్నమాట. బయట ఇచ్చే ధరకంటే అది చాలా తక్కువ. ఆ తొమ్మిదీ ఆయన నోటికే చేరాయని గట్టి సాక్ష్యం లేదు గాని, పద్దు మాత్రం చెరగకుండా ఉంది. అంత ఖర్చుపెట్టీ ఆయన సుఖపడిందీ లేదు. కట్టుడు పళ్లు పెదవుల్ని ముందుకు నెట్టి ఉబ్బించేస్తున్నాయని గ్రీన్‌వుడ్‌కి ఉత్తరాలు రాసుకున్నాడు పాపం.

1815లో వాటర్లూ యుద్ధంలో వేలమంది కుర్రాళ్లు చచ్చిపడితే, వాళ్ల పళ్లు పీకి సంచుల్లో వేసి అమ్మారు. ఇంగ్లండులో కలిగినవాళ్ల కట్టుడు పళ్లలో అవి అమరాయి. వాటికి "వాటర్లూ పళ్లు" అని పేరే వచ్చింది. అంటే ఆ రోజుల్లో పన్ను పెట్టించుకున్నవాడు డబ్బిస్తే, అసలు ఖరీదు ఇంకొకడి నోరు చెల్లించేదన్నమాట.

తరవాత రోజులు మారాయి. 1846లో బోస్టన్‌లో మోర్టన్ అనే దంతవైద్యుడు ఈథర్ మత్తు చూపించాడు. ఇక పళ్లు పీకించుకోవడానికి భయపడక్కర్లేదు. ఆ వెనకే గట్టిపరచిన రబ్బరు వచ్చింది. దాన్ని వల్కనైట్ అంటారు. నోటి అచ్చు తీసి, దానికి సరిగ్గా అతికేటట్టు పళ్ల సెట్టు చెయ్యడం దానితో సులువైంది, చవకైంది. అయితే దాని పేటెంటు ఒక కంపెనీ చేతిలో ఉండేది. ప్రతి దంతవైద్యుడూ రుసుము కట్టాల్సిందే. కట్టనివాళ్ల మీద కంపెనీ కోశాధికారి జోసయా బేకన్ ఊరూరా కేసులు వేశాడు. చివరికి 1879 ఏప్రిల్ 13న, ఈస్టరు పండగ నాడు, శాన్‌ఫ్రాన్సిస్కోలో శామ్యూల్ చాల్ఫాంట్ అనే దంతవైద్యుడు ఆయన్ని తుపాకీతో కాల్చి చంపాడు. పళ్ల రుసుముల గొడవ ప్రాణం దాకా వెళ్లింది చూశారా! 1881లో పేటెంటు గడువు తీరిపోయాక వల్కనైట్ అందరికీ అందింది.

చవకైతే మంచిదేగా అంటారా? ఇక్కడే మనం వినాల్సిన సంగతి ఉంది. బ్రిటన్‌లో కొన్ని ప్రాంతాల్లో పెళ్లికూతురికి పెళ్లికి ముందే పళ్లన్నీ పీకించి, కట్టుడు పళ్ల సెట్టు కానుకగా ఇచ్చే అలవాటు ఉండేది. ఎందుకయ్యా అంటే, రేపు మొగుడికి దంతవైద్యం ఖర్చు తగలకుండా! ఇరవై ఏళ్ల పిల్ల, గట్టి పళ్లతో సహా అన్నీ పీకించుకుని బోసినోటితో కాపరానికి వెళ్లేదన్నమాట. 1968 నాటి సర్వేలో ఇంగ్లండు, వేల్సులలో పెద్దవాళ్లలో నూటికి 37 మందికి సొంత పన్ను ఒక్కటీ లేదని తేలింది.

1948లో అక్కడ జాతీయ ఆరోగ్య సేవ మొదలై కట్టుడు పళ్లు ఉచితమనగానే జనం విరగబడ్డారు. ఖర్చు తట్టుకోలేక 1951లో పళ్లకీ కళ్లజోళ్లకీ కొంత రుసుము పెడితే, ఆ సేవని స్థాపించిన అనూరిన్ బెవాన్ మంత్రి పదవికే రాజీనామా ఇచ్చేశాడు. పేదవాడి నోటికి ధర కట్టవద్దన్నది ఆయన పట్టుదల.

ఇంతకీ ఆ కట్టుడు పళ్లతో సుఖం ఎంత? మా అత్తగారి సంగతి చెబుతాను. ఆవిడ పళ్ల సెట్టు ఎప్పుడూ గ్లాసులో నీళ్లలోనే ఉండేది. పేరంటానికి వెళ్లేటప్పుడు పెట్టుకునేవారు, ఇంటికి రాగానే తీసేసేవారు. పైది నిలిచేది గాని కిందిది మాట్లాడితే చాలు ఎగిరిపడేది. చేగోడీలు చేసి అందరికీ పెట్టి, తాను మాత్రం మజ్జిగన్నం తినేవారు. సెట్టు బాగా చెయ్యలేదని అనుకునేవాళ్లం. అదొక్కటే కాదని తరవాత తెలిసింది. పన్ను పోయిన చోట దవడ ఎముక ఏటేటా కరుగుతుంది. నిరుడు సరిపోయిన సెట్టు ఈ ఏడు వదులవుతుంది. పైగా కింది దవడలో నాలుక కదులుతూ ఉంటుంది కాబట్టి పట్టు ఇంకా తక్కువ.

ఈ చిక్కుకి దారి అనుకోకుండా దొరికింది. 1952లో స్వీడన్‌లోని లుండ్ నగరంలో పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు, ఎముక ఎలా మానుతుందో చూద్దామని కుందేలు కాలి ఎముకలో టైటానియం లోహపు చిన్న పరికరం బిగించాడు. పని అయ్యాక తీద్దామంటే అది ఊడి రాలేదు! ఎముక దాన్ని తనలో కలిపేసుకుంది. 1965లో గోటెన్‌బర్గ్‌లో, పుట్టుకతోనే దవడ లోపం ఉన్న గోస్టా లార్సన్ అనే ఆయనకి కింది దవడలో టైటానియం మరలు బిగించి వాటిమీద పళ్లు కట్టారు. ఆయన 2006లో చనిపోయేదాకా, నలభై ఏళ్లు పైగా, వాటితోనే తిన్నాడు. తోటి వైద్యులు చాలాకాలం నమ్మలేదు. 1982లో టొరంటోలో జరిగిన సదస్సు తరవాతే ప్రపంచం ఒప్పుకుంది.

ఇప్పుడు పక్కింటావిడ దగ్గరికి వద్దాం. ఖర్చుకి తగిన ఫలం ఉందా అంటే, అది నోటిని బట్టి ఉంటుంది.

రెండు పక్కలా మంచి పళ్లుండి మధ్యలో ఒకటి పోతే ఇంప్లాంటుకి అర్థం ఉంది. ఎందుకంటే, బ్రిడ్జి కట్టాలంటే ఆ రెండు మంచి పళ్లనీ అరగదియ్యాలి. ఆ పక్క పళ్లకి ఎలాగూ తొడుగులు వెయ్యాల్సిన స్థితి ఉంటే, బ్రిడ్జే మేలు కావచ్చు. అన్నిటికన్నా వెనక ఉన్న దవడ పన్ను ఒక్కటే పోతే, ఏమీ పెట్టించుకోకుండానే చాలామందికి హాయిగా గడిచిపోతుంది. కింది పళ్లన్నీ పోయినవాళ్లకి పన్నుకొక ఇంప్లాంటు అక్కర్లేదు. రెండంటే రెండు బిగించి, వాటికి గుండీల్లా తగులుకునే కట్టుడు సెట్టు చెయ్యవచ్చు. 2002లో మాంట్రియల్‌లో సమావేశమైన నిపుణులు కింది దవడకి ముందుగా చూడవలసింది ఇదేనన్నారు. మా అత్తగారి కాలంలో ఇది అందుబాటులో ఉంటే, ఆవిడా నాలుగు చేగోడీలు తినేవారు.

నోరు శుభ్రంగా ఉంచుకునేవాళ్లలో ఇంప్లాంట్లు పదేళ్ల తరవాత కూడా నూటికి తొంభైకి పైగా నిలుస్తున్నాయి. అలాగని జీవితాంతం చూసుకోనక్కర్లేదని ఎవరైనా అంటే నమ్మకండి. మర నిలిచినా పైన తొడుగు కొన్నాళ్లకి మార్చాల్సి రావచ్చు. చిగురు వాస్తే మర చుట్టూ ఎముక తినేస్తుంది. షుగరు అదుపులో లేనివాళ్లకి, జర్దా, పొగాకు అలవాటున్నవాళ్లకి, చిగుళ్ల జబ్బుకి వైద్యం చేయించుకోనివాళ్లకి డబ్బు వృథా అయ్యే భయం ఎక్కువ. ఎముకల బలానికి మందులు వాడుతుంటే ముందే డాక్టరుకి చెప్పాలి. మొత్తం ఖర్చెంత, అందులో పైన తొడుగు కలిసి ఉందా, ఎముక చాలకపోతే అదనంగా ఎంత, ఏడాదికి ఎన్నిసార్లు చూపించుకోవాలి? ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. ఇంకొక డాక్టరుని కూడా అడగండి. తప్పేమీ లేదు. మనం చీర కొనడానికే నాలుగు కొట్లు తిరుగుతాం కదా!

ఒక్క సంగతి మాత్రం మరిచిపోకండి. ఏమీ చేయించుకోకుండా వాయిదా వెయ్యడం కూడా ఖర్చే. ఎముక కరుగుతుంది, పక్క పళ్లు ఒరుగుతాయి, రేపు పని ఇంకా పెద్దదవుతుంది.

ఇవన్నీ చెప్పి ఆవిడని ఒక ప్రశ్న అడిగాను. "ఈ రెండు పళ్లూ మీ వారివైతే ఏడాదిపాటు ఆగేవారా?" అని. ఆవిడ నవ్వి ఊరుకుంది. నాలుగు రోజుల తరవాత ఎక్స్‌రే తీయించుకుని వచ్చింది. ఒకచోట ఇంప్లాంటు, రెండోచోట ఏమీ వద్దని తేలిందట. ఉంగరం వచ్చే ఏడు చూసుకుంటుందట.

పళ్లున్నప్పుడు శనగలు లేవు, శనగలున్నప్పుడు పళ్లు లేవు అని సామెత. ఇంటిల్లిపాదికీ శనగలు వేయించి పెట్టేది మనమే. మన వంతు నాలుగు గింజలు నమిలే పళ్లు మనకీ ఉండాలి కదమ్మా.